గోడ తట్టి ఆడిన చిన్నబాపు

పోయిన వారం పొద్దున జనగామలో నేను కాలేజీకి బయల్దేరుతుంటే భూపాలపల్లి నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నబాపు పోయిండు బిడ్డా," అంది. చాయ్ తాగి మంచం మీద ఒరిగినవాడు అట్లాగే నిద్రలో పోయాడట. చిన్నమ్మ కాసేపు ఏడ్చి, ముక్కు చీది, "ఆ ఆట డబ్బా ఇంక మోగుతనే ఉన్నదే. ఎట్ల బంద్ చేసుడో తెల్వది. వచ్చినోళ్లు ఏమనుకుంటరు?" అని అడిగింది.

"బంద్ చెయ్యకు చిన్నమ్మా. ముందుగాల సేవ్ చెయ్యి. కుడిపక్క చిన్న బటన్ ఉంటది, అది ఒత్తు," అని ఏడుస్తూనే చెప్పాను.

"ఇగ ఎవలికోసమే సేవ్ చేసుడు?" అంది చిన్నమ్మ. అయినా ఒత్తింది. సేవ్ చేయకుండా ఆట ఆపితే అన్నం పారబోసినంత తప్పు మా ఇంట్లో.

చిన్నబాపు మా బాపుకు సొంత తమ్ముడు. మాది దంతాలపల్లి దగ్గర పల్లె. బాపు వ్యవసాయంలో ఉండిపోతే, చిన్నబాపు భూపాలపల్లి బొగ్గుబాయిలో పనికి కుదిరి అక్కడే రిటైరయ్యాడు. షిఫ్టు అంతా భూమి లోపల బొగ్గు తవ్వి, బయటికొచ్చి స్నానం చేసి, చేతిలో పట్టేంత ఆట డబ్బా తీసి మళ్లీ అందులోని గుహల్లోకి దిగేవాడు. కత్తి పట్టిన ఒక పిల్లగాడు ఊరూరా తిరుగుతూ, గుహల్లో గబ్బిలాలతోనూ రాక్షసులతోనూ కొట్లాడే ఆట. కొట్లాడిన కొద్దీ వాడి బలం పెరుగుతుంది. చిన్నమ్మ తమ్ముడు ఆ డబ్బాను దుబాయి నుంచి పిల్లలకని తెచ్చాడు. పిల్లలు నాలుగు రోజులు ఆడి పక్కన పడేశారు. చిన్నబాపు పట్టుకున్నాడు. ఇక వదల్లేదు.

"దినమంత బాయిల ఉండి మళ్ల బాయిలకేనా?" అని చిన్నమ్మ దెప్పేది.

"దీంట్ల దుమ్ము లేదు గదనే," అనేవాడు.

ఆటల మీద ఆయనకు గట్టి అభిప్రాయాలుండేవి. అడిగినా అడక్కపోయినా చెప్పేవాడు. కొన్ని ఆటల్లో మనమొక దెబ్బ కొట్టి, శత్రువు కొట్టేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. అవంటే ఆయనకు ఒళ్లు మంట. "పైకప్పు కూలేటప్పుడు నీ వంతు వచ్చిందాక ఆగుతదా? ఉరుకుడో, కొట్టుడో, అప్పటికప్పుడే తేలాలె," అనేవాడు. పెద్ద టీవీలో ఆడే ఆటలూ నచ్చేవి కావు. బాయిలో టోపీ లైటు ఎంత మేర పడితే అంతే లోకం, చిన్న తెరలోనూ అంతేనట, అప్పుడే మనసు పని మీద నిలుస్తుందట. ఆ మాట నాకిప్పటికీ నిజమే అనిపిస్తుంది. ఇప్పటి ఆటల్లో అడవులూ సముద్రాలూ ఎంత బాగా చూపించినా, చూడ్డానికే పొద్దు సరిపోతుంది గాని కత్తి తిప్పడానికి బుద్ధి పుట్టదు.

ఆ పిల్లగాడు ఆట మొత్తంలో నోరు విప్పడు. అది పెద్ద లోటని నేను వాదించేదాన్ని. చిన్నబాపు ఒప్పుకునేవాడు కాదు. "మాట్లాడితె ఏమైతది? సినిమాలల్ల లెక్క వానికి వాళ్ల యాస పెట్టి, మన యాస దొంగలకు పెడ్తరు. వాడు మూగోడే మంచిగున్నడు," అన్నాడు. ఆ వాదనలో నేను ఓడిపోయాను. నేను ఆటలో చచ్చి బటన్ పని చేయలేదని సాకు చెబితే మాత్రం, "ఆడలేక మద్దెల ఓడన్నదట," అని ఇంటిల్లిపాదికీ వినపడేట్టు అనేవాడు.

ఇక ప్రత్యేక రాష్ట్రం కోసం అన్ని పనులూ బందైన ఆ సమ్మె రోజులు. బస్సుల్లేవు, బడులు తెరవలేదు, బాయిలో బొగ్గు తవ్వకం ఆగింది. చిన్నబాపు ఎవరి బండి మీదనో మా ఊరికొచ్చి ఉండిపోయి, రోజూ మధ్యాహ్నం దాకా దంతాలపల్లి చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చుని, తర్వాత మా అరుగు మీద ఆడేవాడు. బొగ్గు లేక కరెంటు కోతలు మొదలయ్యాయి. ఒకరోజు సరిగ్గా రాక్షసుడి ముందర డబ్బా ఆరిపోయింది. నల్లబడ్డ తెరను కాసేపు చూసి, "బొగ్గు ఆపింది మేమే, చార్జింగ్ పోయింది మాకే," అన్నాడు. తర్వాత ఎంతో గంభీరంగా, "ఉద్యమంల ఎవని త్యాగం వానిది," అని ట్రాక్టర్ ఉన్న ఇల్లు వెతుక్కుంటూ పోయాడు, బ్యాటరీకి వైర్లు కలుపుకోవడానికి.

ఇంత మొనగాడూ ఒక గుహలో నెలల తరబడి చిక్కుకుపోయాడు. ఇలాంటి ఆటలు ఆడేవాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. కత్తితో గోడలు తట్టుకుంటూ పోవాలి. గట్టిగా మోగితే ఉత్త గోడ. డొల్లగా మోగితే దాని వెనక దాచిన తోవ ఉన్నట్టు, తోసుకుని లోపలికి పోవాలి. చిన్నబాపు గోడలను నాకన్నా శ్రద్ధగా తట్టేవాడు, చెవి డబ్బాకు ఆనించి మరీ వినేవాడు. డొల్లగా మోగిందా, ఆ పిల్లగాణ్ణి గిరుక్కున తిప్పి గుహ బయటికి పరిగెత్తించేవాడు. బాయిలో పద్ధతి అదే. పని మొదలుపెట్టే ముందు ఇనుప రాడ్‌తో పైకప్పును తట్టి వింటారు. డొల్లగా మోగితే లోపల పొర వదులైనట్టు, దాని కింద ఇక అడుగు పెట్టరు. అందుకని మా పిల్లగాడు ఒక్క దెబ్బకు ఎలుగుబంటిని పడగొట్టేంత బలవంతుడై కూడా, పోవడానికి తోవ లేక అక్కడక్కడే తిరుగుతున్నాడు.

"చిన్నబాపూ, తోవ గదే. అది మీద పడదు," అని నేను నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని.

"డొల్లగ మోగింది గద."

"మోగితేనే తోవ ఉన్నట్టు. గిది ఆట."

"ఆటనే గద బిడ్డా. మరి ఎనుకకొస్తె పోయేదేంది?"

శిబిరంలో కూడా ఈ తగువు తప్పలేదు. ఆయన భుజం మీదుగా చూసేవాళ్లు రెండు జట్లయ్యారు. ఒక పెద్దమనిషి, "ఇంతమంది ఉన్నం, సొచ్చుకపో తమ్మీ," అన్నాడు. "నువ్వెన్నడన్న బాయి దిగినవా అన్నా?" అని చిన్నబాపు అడిగితే ఆయన కండువా సర్దుకున్నాడు. మైకులో మాట్లాడుతున్న మాస్టారు ఉపన్యాసం ఆపి, "జర ఆ డబ్బా సప్పుడు తగ్గియ్యున్రి," అని బతిమాలుకున్నాడు.

నాకేమో ఆ రోజుల్లో అసలు బెంగ వేరే. వరంగల్‌లో డిగ్రీ సీటు వచ్చింది, సమ్మె అయిపోయి కాలేజీలు తెరిస్తే హాస్టల్‌కు పోవాలి. బాపు ఏ పెద్ద సంగతైనా తమ్ముడి మీద వేసేవాడు. "మీ చిన్నబాపు సరే అంటె పో," అన్నాడు. చిన్నబాపు అనలేదు. వరంగల్‌లో రోజూ ఊరేగింపులు, లాఠీలు, బాష్పవాయు గోళాలు. "మానుకోటల సదువుకో. పొద్దుగూకేవరకు ఇంటికొస్తవ్," అన్నాడు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. అక్కడ నేను కోరిన చదువు లేదు. చెప్పాను, అలిగాను, అన్నం మానేశాను. మెత్తని మనిషి గాని ఆ ఒక్క విషయంలో రాయి. ఆయన చివరిదాకా ఒప్పుకోక ఆ సీటు పోయుంటే నేనివాళ జనగామలో పాఠాలు చెప్పుకుంటూ, ఎవరి మీదా ఆధారపడకుండా బతికేదాన్ని కాదు. ఆయనకు నేను రుణపడింది అందుకే.

ఒక మధ్యాహ్నం అరుగు మీద ఇద్దరమే ఉన్నాం. ఆయన మళ్లీ ఆ గోడ దగ్గరికి పోయి, తట్టి, వెనక్కి తిరిగాడు. నాకు కోపమొచ్చి, "నీకు అన్నిటికీ భయమే. ఆటకు భయం, వరంగల్‌కు భయం," అన్నాను.

ఆయన డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాడు. "బాయిల నాతోని పనిచేసే జోడీ ఒకడు ఉండె," అన్నాడు. "ఒకనాడు తట్టి చూసిన. డొల్లగ మోగింది. ఎనుకకు రారా అన్న. పార ఆడనే మర్శిన, తెచ్చుకుంట అన్నడు. వాని అంగీ నా చేతికి అందేటంత దూరంల ఉండె. పట్టుకోలే."

నేను డబ్బా వైపు చెయ్యి చాచాను. "చిన్నబాపూ, ఈసారి నేను పోత. నువ్వు నా ఎనుక ఉండు," అన్నాను.

ఆయన డబ్బా నాకిచ్చాడు. జరిగి నా వెనక కూర్చుని, నా భుజం దగ్గర డ్రెస్సును పిడికిట్లో పట్టుకున్నాడు. "తట్టు," అన్నాడు. తట్టాను. డొల్లగా మోగింది. "మళ్ల తట్టు." మళ్లీ అదే చప్పుడు. పిడికిలి బిగిసింది.

"పో. మెల్లగ," అన్నాడు.

తోశాను. గోడ పక్కకు జరిగింది, పిల్లగాడు లోపలికి పోయాడు. ఒక గది నుంచి ఇంకో గదికి పోయేటప్పుడు తెర ఒక్క క్షణం చీకటవుతుంది. ఆ క్షణంలో నన్ను ఎంత బలంగా వెనక్కి గుంజాడంటే, వెళ్లి ఆయన ఒళ్లో పడ్డాను. మళ్లీ వెలుగొచ్చింది. చిన్న గది, మధ్యలో ఒక పెట్టె, దాని ముందు మా పిల్లగాడు.

"పైన చూపియ్యి," అన్నాడు.

"పైన కనవడది చిన్నబాపూ. గింతే చూపిస్తది."

ఆయన పెట్టె వైపు చూడలేదు. తెర పై అంచునే చూస్తూ ఉన్నాడు. ఏమీ కూలలేదు. పిల్లగాడు కత్తి దించి, నిలబడ్డ చోటే ఊపిరి పీలుస్తున్నాడు.

"వరంగల్ల ఆ హాస్టల్ ఏ తావున ఉన్నది?" అని అడిగాడు.

చెప్పాను. గదిలో ఎవరెవరుంటారని అడిగాడు, వంట ఎవరు చేస్తారని అడిగాడు, ఊరికి ఎన్నడెన్నడు వస్తావన్నాడు. అన్నిటికీ తలూపుతూ విన్నాడు. "సరే. నేనే దింపొస్త," అన్నాడు. నా భుజం మీద పిడికిలి మాత్రం ఇంకా విప్పలేదు. విప్పమని నేనూ అనలేదు.