తోకచుక్క తగిలిన ఇప్పపువ్వు

నిన్న పొద్దుగూకినంక చండ్రుగొండ అవతల చేన్ల టెలిస్కోపు పెట్టి, పొగలెక్క మసకగ కనవడే ఒక తోకచుక్కను చూస్తున్న. అప్పుడే ఇప్పపువ్వు వాసన గుప్పుమన్నది. నా ఈడోళ్లూ, మన చిన్నప్పుడు పడమట దిక్కు రోజూ కనవడ్డ ఆ పెద్ద తోకచుక్క యాదున్నదా?

మా నాయనమ్మకు అదంటే హడల్. "దాని తోక తగిల్తె ఇప్పపువ్వు సారా అయితది, జల్దీ లోపలేయుండ్రి!" అని, వాకిట్ల చాపల మీద ఎండుతున్న పువ్వంత పచ్చిదే ఎత్తించి, ఇంట్ల మూలకు కుప్ప పోయించింది. పైన గోనెసంచులు కప్పింది. గాలాడక కుప్ప పులిసింది. ఇల్లంత తియ్యటి సారా వాసన. ఆ పువ్వు తిన్న కోళ్లు తూలుకుంట నడిచినయ్.

"చూసిండ్రా, తోక తగలనే తగిలింది!" అన్నది నాయనమ్మ. పులవెట్టింది నువ్వేనని మా నాయన ఎంత చెప్పినా ఇనలే.

నిన్న టెలిస్కోపు కాడ ఈ ముచ్చట పక్కనున్న దోస్తుకు నవ్వుకుంట చెప్పిన. ఆయన నవ్వలే.

"ఏంది, నీకు తెల్వదా? కొన్ని తోకచుక్కల ఆవిరిల ఆల్కహాల్ దొరికింది. సారాల ఉండేదే!"

ఉత్తదే అనుకొని ఫోన్ల వెతికిన. నిజమే!

ఇంటికొస్తే మా అమ్మ వాకిట్ల చాప మీద ఆరబోసిన ఇప్పపువ్వు ఉన్నది. తోక ఇంత దూరం రాదని నాకు ఎరుకే. అయినా ఒక్కసారి పైకి చూసి, చాప ఎత్తి లోపలేసిన.