మూత తేవద్దు

మా అన్నయ్య షాపు గోడ మీద ముప్పై ఏళ్ళుగా ఒక బోర్డుంది. రాసింది నేనే, ఆ వంకర అక్షరాలు నావే. "మూతలు తేవద్దు. ఇళ్ళకి వచ్చి చూడము." వాల్వు సెట్లు బాగుచేసే చెయ్యి ఊరు మొత్తానికి అన్నయ్యదొక్కటే కాబట్టి ఆ పొగరు చెల్లింది. అందరూ ఆయన్ని వాల్వులాయన అంటారు. లోపల గాజు బుడ్లు వెలుగుతుండే ఆ పాత యాంప్లిఫయర్లంటే ఆయనకి ప్రాణం. ట్రాన్సిస్టర్ సెట్టు తెస్తే మాత్రం చచ్చిన ఎలకని చూసినట్టు చూస్తాడు.

మూతలెందుకు వద్దంటే, వెనకటికి ఎవరో మూత మీద గీత పడిందని గొడవ పెట్టుకున్నారు. అప్పట్నించీ పైనుండే చిల్లుల రేకు మూత ఇంట్లోనే వదిలేసి, సెట్టు మాత్రం పట్టుకు రావాలి. ఇక ఇళ్ళకెందుకు వెళ్ళడంటే, వట్టి మొహమాటం. బల్ల దగ్గర పులి, పరాయి గుమ్మంలో పిల్లి. ఒప్పుకుంటాడా? "బల్ల మీద దొరకని దోషం ఎక్కడా దొరకదు" అంటాడు.

మా ఆయన పోయిన ఏడాదికి నేను అన్నయ్య పంచన చేరాను. పాతికేళ్ళు కూడా లేవు నాకు. కౌంటర్లో కూచుని సెట్లకి చీటీలు కట్టేదాన్ని. అప్పుడొచ్చింది గవర్నమెంటాఫీసు టైపిస్టమ్మాయి, ఒక శనివారం మధ్యాహ్నం, వాళ్ళ నాన్నగారి యాంప్లిఫయర్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని. పన్నెండు కిలోల ఇనుము. నాలుగు వీధుల దూరం.

"గంట నడిపితే చాలండీ, చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. మాడు వాసన కూడా వస్తోంది" అంది.

అన్నయ్య బల్ల మీద పెట్టి మీటరుతో అన్ని చోట్లా చూశాడు. ఎవరి సెట్టైనా అరగంట నడిపి పంపేవాడు, దీన్ని నాలుగు గంటలు నడిపాడు. ఆమె స్టూలు మీద కదలకుండా కూచుంది. సెట్టు ఎంత వేడెక్కాలో అంతే ఎక్కింది, వీసమెత్తు ఎక్కువ లేదు. "దోషం కనపడలేదు" అని చీటీ రాసి కట్టాను. ఆమె మళ్ళీ ఎత్తుకుని వెళ్ళింది.

వారం తిరక్కుండా మళ్ళీ దిగింది. మళ్ళీ కాలిపోతోందిట. మళ్ళీ నాలుగు గంటలు, మళ్ళీ అదే చీటీ. ఇలా ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఏడుసార్లు. మూడోసారికల్లా మా అన్నయ్య శనివారం పూట ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు. జన్మలో ఎవరికీ టీ తెప్పించని మనిషి రెండు టీలు తెప్పించాడు. కానీ నోరు విప్పితే వోల్టులే. "మీకు పాటలంటే ఇష్టమాండీ?" అని ఆమె అడిగితే, "ముందు ట్రాన్స్‌ఫార్మర్ సరిగ్గా ఉండాలండీ" అన్నాడు. కౌంటర్ వెనక నేను తల కొట్టుకున్నాను.

ఏడోసారి ఆమె లేచి నిలబడి, "ఒక్కసారి మీరే మా ఇంటికొచ్చి చూడకూడదా?" అని అడిగింది. చూపు సెట్టు మీద లేదు, అన్నయ్య మీదుంది. నాకు కనపడింది.

అన్నయ్య బోర్డు చూపించాడు. "ఇళ్ళకి రానండి. మీ ఇంట్లో కరెంటే బాలేదేమో, కరెంటాఫీసులో అడగండి."

ఆమె బోర్డు చదివింది. సెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత వేరే ఊరికి బదిలీ చేయించుకుందని విన్నాం. మరి రాలేదు.

ఇప్పుడు చెప్తున్నాను, దాచుకుని ఏం చేసుకోను? నాకు అప్పుడే తెలుసు. బాగున్న సెట్టుని ఏడుసార్లు ఊరికే మోసుకొచ్చేంత వెర్రిది కాదు ఆ పిల్ల. ఆమె ఏం చేసి వేడెక్కిస్తోందో తెలీదు గానీ, ఎందుకు తెస్తోందో ఆడదాన్ని, నాకు తెలీదా? "అన్నయ్యా, వెళ్ళి చూసిరా" అని ఒక్క మాటంటే సరిపోయేది. అనలేదు. వదిన వస్తే నా గతేంటన్న భయం. అన్నయ్య తరిమేస్తాడని కాదు, ఆ ఇంట్లో నేను మిగులుగా ఉంటానేమోనని. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

అన్నయ్య మరి పెళ్ళి మాటెత్తనివ్వలేదు. ఎవరైనా "సెట్టు వేడెక్కుతోందండీ" అంటూ గుమ్మంలోకి వస్తే చటుక్కున తలెత్తేవాడు. మనిషిని చూసి మళ్ళీ దించేసేవాడు. ముప్పై ఏళ్ళు అదే తంతు. "అన్ని సెట్లూ లొంగాయి గానీ ఆ ఒక్క సెట్టు దోషం దొరకలేదే" అంటుండేవాడు. సెట్టు గురించేనట! నేను కూర తరుక్కుంటూ ఊఁ కొట్టేదాన్ని. నా ప్రాణం ఉసూరుమనేది.

మొన్న గురువారం ఒకాయన వచ్చాడు. సెట్టు బల్ల మీద పెడుతుంటేనే అన్నయ్య చెయ్యి ఆగిపోయింది. అదే సెట్టు. వచ్చినాయన పక్కన మూత కూడా పెట్టాడు. బోర్డు చదివే ఓపిక ఆయనకున్నట్టు లేదు.

"మా అక్కదండీ. రిటైరై రెండేళ్ళ కిందట ఈ ఊరే వచ్చేసింది. పెళ్ళి చేసుకోలేదు, ఒంటరిగా ఉండలేక ఇప్పుడు మా చెల్లెలి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆదివారం పొద్దున సామాను బండి వస్తుంది. ఆలోపు బాగైతే తీసుకెళ్తానంది, లేకపోతే పారేయమంది."

ఒంటరిగా అన్న మాట దగ్గర అన్నయ్య నా వంక చూశాడు. నేను చీటీ వంక చూశాను.

ఈసారి జబ్బు నిజంగానే ఉంది. స్విచ్చేసిన పది నిమిషాలకి ఒక పెద్ద వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలడం మొదలైంది. టక్కున ఆపేసి, లోపల నిలవున్న కరెంటంతా పోయాక, కెపాసిటర్ ఒక కాలు విప్పి మళ్ళీ కొలిచాడు. దాన్ని దాటి రాకూడని కరెంటు వస్తోంది. సున్నా ఉండాల్సిన చోట నాలుగు వోల్టులు. వయసైపోయిన కెపాసిటర్ కారుతోందన్నమాట. కొత్తది వేసి, కాలిన వాల్వు మార్చి, శనివారం మధ్యాహ్నం నాలుగు గంటలు నడిపాడు. స్టూలు ఖాళీగా ఉంది. దాన్ని ఎవరూ జరపలేదు.

అప్పుడు, తుడుద్దామని మూత చేతిలోకి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆ మూతని చూడటం అదే మొదటిసారి. పైన రంగంతా మెత్తబడి మళ్ళీ గట్టిపడింది. దాని మీద తువ్వాలు నేత, అంచు కుట్టుతో సహా, అచ్చు పడి ఉంది. ఒకటి కాదు. కొంచెం పక్కకి ఇంకొకటి, దాని మీద అడ్డంగా ఇంకొకటి. గాలాడే చిల్లుల మీదే, మడత పెట్టి మరీ కప్పింది.

అన్నయ్య వేలితో లెక్కపెట్టాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇన్నేళ్ళూ వోల్టులు వెతికాడు.

"పొరపాటున కప్పితే ఒకసారి పడుతుంది" అన్నాడు మెల్లగా. తర్వాత, "నీకు తెలుసా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "తువ్వాలు సంగతి తెలీదు. మిగతాది తెలుసు" అన్నాను. "నువ్వెక్కడ నన్ను..." అని ఏడుపొచ్చేసింది.

అరుస్తాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "చిన్నపిల్లవి, నీకేం తెలుసు" అని మూత కింద పెట్టాడు. అరవై నిండిన మనిషి మొహం అలా ముడుచుకుపోవడం నేను చూడలేకపోయాను.

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సెట్టు ఎత్తుకున్నాడు. పన్నెండు కిలోలు. ఇటివ్వు అంటే ఇవ్వలేదు. నాలుగు వీధుల్లో ఐదుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. వెనక మూత పట్టుకుని నేను.

ఇల్లు సగం ఖాళీ అయిపోయింది. బండి గుమ్మం ముందే ఉంది. ఆమె నెరిసిన జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చి అన్నయ్యని చూసి నిలబడిపోయింది.

"మీరు ఇళ్ళకి రారు కదా?"

"ఇక్కడ పెట్టి చూడాలండీ. ఓ గంట పడుతుంది" అన్నాడు అన్నయ్య. ఇన్నాళ్ళకి వోల్టులు లేని మాట.

ఖాళీ గదిలో నేల మీద పెట్టి ప్లగ్గు పెట్టాడు. రికార్డులన్నీ పెట్టెల్లో కట్టేశారు, వాయించడానికేం లేదు. అటొకరు ఇటొకరు కూచున్నారు. బండివాడు రెండుసార్లు హారన్ కొట్టాడు, వెళ్ళి నేను వాడి మీద విరుచుకుపడ్డాను. ఆమె తమ్ముడికి పని చెప్పి పక్కకి లాక్కెళ్ళాను. తిరిగొచ్చేసరికి గంటైపోయింది. ఆమె సెట్టు మీద అరచెయ్యి ఆనించి ఉంది.

"వేడెక్కట్లేదు" అంది.

"ఎక్కదింక" అన్నాడు అన్నయ్య.

ఆమె నవ్వబోయి తల తిప్పుకుంది. అంతే. సెట్టుని బండిలో దుప్పట్ల మధ్య పెట్టారు, ఆమె ముందు కూచుంది, బండి వెళ్ళిపోయింది. అన్నయ్య మలుపు దాకా చూస్తూ నిలబడ్డాడు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక చూశాడు, మూత నా చంకలో ఉంది.

"ఇదేంటే! ఇవ్వలేదా?"

"మర్చిపోయా."

"మూత లేకపోతే వాల్వుల మీద దుమ్ము పడదూ? ఎవరైనా చెయ్యి పెడితే?" కంగారుగా అటూ ఇటూ తిరిగాడు. "ఎక్కడికని పంపుతాం ఇప్పుడు?"

కొంగు ముడి విప్పి చీటీ ఇచ్చాను. ఆమె తమ్ముడి చేత రాయించుకున్న అడ్రసు. దాని కింద, నా వంకర అక్షరాలతో, బస్సు వేళ.

అన్నయ్య చీటీ చదివాడు. నన్ను చూశాడు. మళ్ళీ చదివాడు.

"పంపడం కాదు, నువ్వెళ్ళి ఇచ్చిరా. చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను" అన్నాను. "నా గురించి దిగులు పెట్టుకోకు, షాపు నేను చూసుకుంటా."