ప్రారంభోత్సవం కాని బావికి కావలి

యానాది గూడెం పరదేశి మామిడితోటల కావలివాడు. విస్సన్నపేట రోడ్డున వెంకటకృష్ణారావుగారి రసాల తోటలో పిందె పడ్డ దగ్గర్నుంచి కోత దాకా అతను వడిసెల పట్టుకుని కూర్చుంటే కోతులు కూడా ఆ దారిన రావటం మానుకునేవి. సొంతదారు బావమరిది ఓసారి సరదాకి చెట్టెక్కితే ఆయన్నీ దింపేశాడు. కొమ్మ మీద ఉన్న కాయ రైతుది, గాలికి రాలిన కాయ కావలివాడిది. ఈ లెక్క దగ్గర ఆ చుట్టుపట్ల ఏ రైతూ ఏ యానాదీ ఏనాడూ తగువు పడలేదు.

అరవై రెండులో బ్లాకు ఆఫీసువాళ్లు యానాది గూడెంలో మంచినీళ్ల బావి తవ్వించారు. అప్పటిదాకా గూడెమంతా గేదెలు పొర్లే కుంట నీళ్లే తాగేది. బావిలో జల బాగా పడింది. గట్టు కట్టారు, గిలక బిగించారు, సున్నం కొట్టి రిబ్బను కూడా చుట్టారు. ఇన్ని చేసి తాగొద్దన్నారు. జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు వచ్చి మొదటి గుక్క తాగితే గాని అది బావి కింద లెక్కకు రాదట.

"నిన్ను మించిన కావలివాడు లేడంట గదా," అన్నాడు ఓవర్సీరు శ్రీమన్నారాయణ. "సారొచ్చేదాకా చుక్క పోగూడదు. ఎవరైనా ముట్టారని తెలిసిందో, ఈ బావిని పక్క ఊరికి మార్చేస్తాం."

తవ్విన బావిని బండికెత్తి తీసుకుపోతారా అని మీరు నవ్వొచ్చు. గూడెంలో ఎవరూ నవ్వలేదు. అంతకు ముందేడు వాళ్లకు మంజూరైన బడి పక్క ఊళ్లోనే లేచింది మరి.

పరదేశి ఆ ఏడు తోటను తమ్ముడికి అప్పగించి బావి పక్కన పాక వేశాడు. ఆడవాళ్లు బిందెలతో కనిపిస్తే రేకు డబ్బా వాయించేవాడు. సొంత అత్తగారి కడవనే గురి చూసి రాయితో పగలగొట్టాడు. గురి తప్పలేదని మురిసిపోయాడు గాని, ఆ పూట ఇంట్లో అతనికి కూడు పుట్టలేదు. ఆఫీసరు ఉగాదికి వస్తానన్నాడు, రాలేదు. శ్రీరామనవమికి జీపు చెడిందన్నారు. రిబ్బను ఎండకు వెలిసిపోతే ఓవర్సీరు వచ్చి కొత్తది కట్టించి వెళ్లాడు.

ఇంతలో కూతురు లక్ష్మి పురిటికొచ్చింది. కుంట నీళ్లు తాగి వాంతులూ విరేచనాలూ పట్టుకుని నాలుగు రోజుల్లో మంచానికి అతుక్కుపోయింది. కాంపౌండరు చూసి, "ఇంకా ఆ నీళ్లే పోస్తే ఈ పిల్ల దక్కదు. ఎదురుగా బావి పెట్టుకుని ఇదేంటయ్యా?" అని తిట్టిపోశాడు. నీళ్లిస్తే బావి పోతుంది, ఇవ్వకపోతే బిడ్డ పోతుంది. అతనికి చచ్చేంత భయం వేసింది.

భార్య మంగమ్మ కడవ మెడకు చాంతాడు కట్టుకుని బావి మీదికి వచ్చింది. అలవాటు కొద్దీ అతను వడిసెల ఎత్తాడు.

"కొట్టు మావా," అంది. గట్టు మీద నుంచి కడవను చేతులారా బావిలోకి వదిలేసింది. "అయ్యో, రాలిపోయింది. రాలింది ఎవరిది?"

పరదేశి వడిసెల దించాడు.

"కావలోడిది."

"నువ్వే గదా కావలోడివి," అంటూ నిండు కడవ పైకి లాగింది.

అతను ఆ తీర్పును ఎన్ని విధాల తిప్పి చూసినా తప్పు దొరకలేదు. మర్నాటి నుంచి గూడెంలో అందరి కడవలూ పొద్దునా సాయంత్రం రాలటం మొదలెట్టాయి. కావలోడిది అతని చుట్టాలది కూడానట; గూడెంలో అతనికి చుట్టం కానివాళ్లెవరూ లేరు కాబట్టి ఎవర్నీ ఆపలేకపోయాడు. లక్ష్మి లేచి కూర్చుంది, ఆడపిల్లను కన్నది. పరదేశి మాత్రం తన చేతిలోంచి చెంబు కూడా జారనివ్వలేదు. కుంట నీళ్లే తాగాడు.

శ్రావణమాసంలో ఎట్టకేలకు ఆఫీసరు దిగాడు. దండలయ్యాయి, రిబ్బను తెగింది, వెండి గ్లాసుతో నీళ్లందించారు. పరదేశి రెప్ప వేయకుండా ఆయన గొంతు వంకే చూశాడు. ఆయన గ్లాసు పట్టుకుని ఫొటో దిగి, దాన్ని బల్ల మీద పెట్టేశాడు. "నాకు బయట నీళ్లు పడవు," అంటూ జీపులోంచి గోలీసోడా తెప్పించుకున్నాడు.

మంచంలో లోతుకు పోయిన లక్ష్మి కళ్లు గుర్తొచ్చాయి పరదేశికి. ఈయన తాగని గుక్క కోసం తను కట్టుకున్నదాని మీదికి వడిసెల ఎత్తాడు. సిగ్గుతో, కోపంతో ఒళ్లు మండిపోయింది. తిన్నగా వెళ్లి బల్ల మీది గ్లాసు తీసుకుని అందరి ఎదుటా గటగటా తాగేశాడు. ఓవర్సీరు మొహం పాలిపోయింది. ఆఫీసరు ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టాడు.

"ఇన్నాళ్లూ కాసింది ఇతనేనా? భేష్. మైలవరం అవతల తండాలో ఇంకో బావి తయారైంది. ప్రారంభోత్సవం దాకా దాన్నీ నువ్వే కాయాలి. జీతమిప్పిస్తాను."

"ఆ తండాలో మనుషులున్నారాండీ?" అని అడిగాడు పరదేశి.

"లేకపోవటమేంటయ్యా, వాళ్ల కోసమేగా బావి."

"అయితే నా వల్ల కాదండి," అన్నాడు.