శ్మశానం కాలువ తామరాకులు

ధన్‌రాజీ పెళ్ళిళ్ళకు ఇచ్చే తామరాకులు శ్మశానం కాలువలో కోసినవని మా ఊళ్ళో అందరూ చెబుతారు. సముద్రపు గట్టు దిగగానే శవాలను కాల్చే చోటు ఉంది, దాని పక్కనే ఉన్న కాలువ అది. ఆ నీళ్ళలో పెరిగిన ఆకు మీద అన్నం తిన్నందుకే ఫలానా వాళ్ళ కోడలికి కడుపు పోయిందంటారు. ఫలానా మొగుడూ పెళ్ళాలు ఏడాది తిరక్కుండా విడిపోయారంటారు. ఒక ఆకు వెనక ఎముక ముక్క అంటుకుని వచ్చిందని కూడా అంటారు. ఎవరి పెళ్ళిలో అని అడిగితే, "మా వదినగారి తోడికోడలు చూసిందట" అని జవాబు. ఆ తోడికోడలు ఎప్పుడూ పక్క ఊళ్ళోనే ఉంటుంది.

ఈ మాట పుట్టించింది చానో. మా వీధి చివర కొట్టు నడుపుతుంది. ఒకరోజు పొద్దున్నే ధన్‌రాజీ నెత్తిన మూటతో సముద్రం వైపు నుంచి రావడం ఆమె చూసింది. మూట అంచున తామరాకు కనిపించింది. చానోకు అంతకంటే అక్కర్లేదు. నిజానికి పెళ్ళివాళ్ళకు ఇవ్వగా మిగిలిన ఆకులు ధన్‌రాజీ పడవల వాళ్ళకు ఇస్తుంది. వాళ్ళు చేపలు చుట్టుకోవడానికి వాడుకుని, ఆమెకు రెండు గుప్పిళ్ళ రొయ్యలు అదే ఆకులో కట్టిస్తారు. ఆ రోజు మూటలో ఉన్నవి రొయ్యలు. చానో మూట చూసింది గానీ ముక్కు మూసుకున్నట్టుంది.

ధన్‌రాజీకి అరవై దాటాయి. మొగుడు ముప్ఫై ఏళ్ళు, మా ముత్తాతలను ఓడల్లో ఈ దేశానికి తెచ్చిన చక్కెర ఎస్టేటులో చెరుకు కొట్టి, ఎస్టేటు మూతపడిన ఏడాదే పోయాడు. పిల్లలు లేరు. రోడ్డు పక్క కర్ర స్తంభాల మీద రెండు గదుల ఇల్లు, ఆ ఇంటి కింద ఒక పొయ్యి, ఒక ఊయల. పెళ్ళిళ్ళకు ఆకులు కోసివ్వడమే ఆమె బతుకుతెరువు. తెల్లవారకముందే వెనక పొలాల కాలువకు నడిచి వెళ్ళి, నడుం లోతు నీళ్ళలో దిగి కోసుకొస్తుంది. తామర కాడకు ముళ్ళుంటాయి. ఆమె చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ గీరుకుపోయి ఉంటాయి. శ్మశానం కాలువ ఇంటికి పది నిమిషాల దూరమైతే, గంటన్నర నడిచి ఈమె పొలాల వైపు ఎందుకు పోతుందని ఎవరూ అనుకోలేదు. అనుకోవడానికి చానో కొట్టు ముందు బెంచీ మీంచి లేవాలి కదా.

ఆమె వంటింట్లో కొన్న డబ్బా ఒక్కటీ లేదు. పాలపొడి డబ్బాలో పిండి, ఉప్పు బిస్కెట్ల రేకు డబ్బాలో బియ్యం, రమ్ము సీసాలో కొబ్బరినూనె. మామిడి పచ్చడి, మిరపకాయల పచ్చడి గాజు సీసాల్లోనే పెడుతుంది. పులుపు తగిలితే ప్లాస్టిక్కు వాసన ఎక్కుతుందని ఆమె మాట. వెన్న డబ్బా ఇంటికి వస్తే మొదట మూత వాసన చూస్తుంది. లోపల గోకుడు పడిన డబ్బా తిండికి పనికిరాదు, బొత్తాలకు పోతుంది. పగుళ్ళిచ్చినదానికి అడుగున మేకుతో చిల్లులు కొట్టి మిరప నారు పోస్తుంది. ఏ డబ్బా కొత్తగా ఇంట్లోకి వచ్చినా చేతిలో తిప్పి, ఇది ఏ పనికి అని ఒక నిమిషం ఆలోచిస్తుంది. పెళ్ళికూతుర్ని ఎంచడానికి వచ్చినవాళ్ళు కూడా అంత చూడరు.

ఇందుకు ఆమెకు ఊరు పెట్టిన పేరు డబ్బాల ధన్‌రాజీ. ఆ పేరు పెట్టి నవ్వే ఆడవాళ్ళ ఇళ్ళలోకి నేను పనికి వెళుతుంటాను, నాకు తెలుసు. ఒక్కొక్కరి సింకు కింద ఐస్‌క్రీము డబ్బాలు గోపురంలా పేర్చి ఉంటాయి. తలుపు తీస్తే కాళ్ళ మీద పడతాయి. వచ్చినవాళ్ళకు కనపడకుండా ముందు పూల గుడ్డ వేలాడదీస్తారు. పెళ్ళికి వెళ్ళేటప్పుడు ప్రతి ఆవిడా చేతిసంచిలో ఒక డబ్బా వేసుకునే వెళుతుంది, మిగిలిన కూరలు తెచ్చుకోవడానికి. పట్టు చీర, పెదవులకు రంగు, సంచిలో డబ్బా. దాని సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

సీలోచన్ బియ్యం మిల్లు ఓనరు. ఆయన కూతురు పెళ్ళికి ఐదు వందల మంది వస్తారని, ఆకులు ధన్‌రాజీయే ఇవ్వాలని ఆయన భార్య బిద్యావతి రెండు నెలల ముందే చెప్పింది. ఆ పెళ్ళి ధన్‌రాజీకి ఎంత అవసరమో ఊరంతటికీ తెలుసు. బిద్యావతి మేడకు పసుపు రంగు వేస్తే వీధి మొత్తం పసుపు వేసింది. ఆమె కిటికీలకు తెల్ల పరదాలు కడితే చానో కొట్టుకు కూడా తెల్ల పరదా వచ్చింది. ఆమె పెళ్ళిలో ఆకు లేకపోతే ఇక ఏ పెళ్ళిలోనూ ఉండదు. ధన్‌రాజీకి ఇంకో పని లేదు.

పెళ్ళి మూడు రోజులుందనగా బిద్యావతి కారు ధన్‌రాజీ గేటు ముందు ఆగింది. ఆవిడ దిగలేదు, అద్దం దించింది. నేను పక్కింటి మెట్ల మీద బట్టలు ఆరేస్తున్నాను.

"ఏమనుకోకు పిన్నీ, ఈసారికి ఆకులొద్దులే."

"అదేంటమ్మా? మాటిచ్చావుగా."

"జార్జ్‌టౌన్ నుంచి డబ్బాలు తెప్పించాం. థర్మోకోలువి కావులే, అవి ఎప్పుడో ఆపేశారుగా. ఇవి చెరుకు పిప్పితో చేసినవి. తిని పారేస్తే మట్టిలో కలిసిపోతాయట. భూమికి మంచిదట."

"నా ఆకు మట్టిలో కలవదా తల్లీ?"

"అది కాదు పిన్నీ. మగపెళ్ళివాళ్ళు టౌనువాళ్ళు. ఆకులు ఎక్కడివని ఎవరైనా వాళ్ళ చెవిన వేస్తే..."

"ఎక్కడివి?"

బిద్యావతి స్టీరింగు వైపు చూసింది. "జనం అంటున్నారు."

"నాతో ఏ జనమూ అన్లేదే. నువ్వు అను, వింటాను."

అద్దం పైకి లేచింది.

చెరుకు పిప్పి. మా ఊరి వెనక చెరుకు అడవిలా పెరిగి, కొట్టే దిక్కులేక ఎండిపోతోంది. ఫ్యాక్టరీ చిమ్నీ మీద గద్దలు వాలుతున్నాయి. అలాంటి ఊరికి వేరే దేశం చెరుకు పిప్పి ఓడెక్కి, లారీ ఎక్కి, ప్లాస్టిక్కు కాగితంలో చుట్టుకుని వచ్చింది, భూమిని కాపాడటానికి.

శనివారం మధ్యాహ్నం సీలోచన్ ఇంటి కింద అందరం గుమ్మడికాయలు తరుగుతున్నాం. బిద్యావతి ఒక డబ్బా విప్పి అందరికీ చూపించింది. ఆడవాళ్ళు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని నిమిరారు.

"ఎంత తెల్లగా ఉందో!" అంది ఒకావిడ.

"ఇక శ్మశానం బాధ వదిలింది మనకి," అంది చానో. అందరూ నవ్వారు.

డబ్బాలో ఐదు అరలున్నాయి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. మా పెళ్ళిళ్ళలో కూరలు ఏడు. అన్నం వేరే, పప్పు వేరే, పూరీ వేరే. ఆ ఇంట్లో నన్ను అడిగేది కత్తి ఎక్కడ పెట్టావని మాత్రమే.

ఆదివారం పెళ్ళి బాగానే జరిగింది. ధన్‌రాజీ కూడా వచ్చింది. పిలవకపోతే బాగుండదని పిలిచారు. వెనక బెంచీ మీద, ఒడిలో గుడ్డ మూటతో కూర్చుంది. మధ్యాహ్నం మగపెళ్ళివాళ్ళను మొదటి వరసలో కూర్చోబెట్టారు. అందరి ముందూ తెల్ల డబ్బాలు తెరిచారు. పెద్ద అరలో అన్నం వేశారు. మిగిలిన నాలుగు అరల్లో గుమ్మడి, పనసలాంటి కటహర్, శనగలు, వంకాయ వేశారు. తర్వాత వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. పుల్లమామిడి, ఆకుకూర, ఎడ్డో దుంపల గిన్నెలు పట్టుకుని ముగ్గురు మనుషులు అలా నిలబడ్డారు.

పెళ్ళికొడుకు మేనమామ జైపాల్ పెద్ద మనిషి, పెద్ద గొంతు. "ఏం చెల్లెమ్మా, మా వైపుకి నాలుగు కూరలేనా? మిగతా మూడూ లోపల దాచారా?"

"అయ్యో అన్నయ్యగారూ, అంత మాటా! వెయ్యండర్రా, పైన వెయ్యండి!" అంది బిద్యావతి.

పైన వేశారు. మామిడి పులుసు శనగల్లోకి, ఎడ్డో అన్నంలోకి పోయింది. దాని మీద వేడి పప్పు పోశారు. జైపాల్ డబ్బా దగ్గరికి లాక్కుంటే అంచులు చేతికి వచ్చాయి, అడుగు బల్ల మీదే ఉండిపోయింది. పప్పు ఆయన తెల్ల కుర్తా ఒడిలోకి జారింది.

"మట్టిలో కలుస్తుందన్నారు గానీ నా ఒళ్ళో కలుస్తుందనలేదే!" అన్నాడు జైపాల్. వాళ్ళవైపు మగవాళ్ళు పగలబడి నవ్వారు. మావాళ్ళు ఎవరూ నవ్వలేదు.

బిద్యావతి మిల్లు ట్రాక్టరు నడిపే బాలోను గిన్నెల దగ్గరకు లాక్కెళ్ళింది. "పరిగెత్తు. ఎక్కడైనా ఆకులు కోసుకురా."

"వెనక పొలాలకి పోయొచ్చేసరికి సాయంత్రమవుద్దమ్మా."

"శ్మశానం కాలవ ఇక్కడే కదా వదినా," అంది చానో.

బిద్యావతి మగపెళ్ళివాళ్ళ వైపు చూసింది, బాలో వైపు చూసింది. "బాగా కడిగి తీసుకురా. ఎక్కడివని అడిగితే పొలాలవి అను," అంది గొంతు తగ్గించి.

ఎముకలు, కడుపు పోయిన కోడళ్ళు, విడిపోయిన జంటలు, అన్నీ ఆ ఒక్క నిమిషంలో కడిగితే పోయేవి అయిపోయాయి. నాలుగడుగుల దూరంలో కూర్చున్న ధన్‌రాజీని అడగాలని ఒక్కరికీ తోచలేదు. తోచినా ఏ మొహంతో అడుగుతారు?

బాలో అరగంటకు తిరిగొచ్చాడు. మోకాళ్ళ దాకా నల్ల బురద, చేతులు ఖాళీ.

"ఒక్క ఆకు లేదమ్మా అక్కడ."

"సరిగ్గా చూశావా?"

"ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశా. బురద, పీతలు. అంతే."

చానో వెంటనే అందుకుంది. "చూశావా వదినా! మనకి దొరక్కూడదని ముందే మొత్తం కోసేసింది, మాయదారి ముసల్ది!"

ఈ మాట ధన్‌రాజీకి వినపడింది. ఒడిలో మూట విప్పింది. లోపల నాలుగు గిన్నెల ఎనామిల్ క్యారియరు ఉంది. ఆమె మొగుడు ముప్ఫై ఏళ్ళు చెరుకు తోటకు పట్టుకెళ్ళినది. అంచుల్లో పెచ్చులూడి నల్లగా ఉంటుంది, లోపల మాత్రం తళతళలాడుతుంది. దాన్ని తెచ్చి జైపాల్ ముందు బల్ల మీద పెట్టి, గిన్నెలు విడదీసింది.

"మీ ఒళ్ళో పప్పు చల్లారిపోయింది గానీ అన్నయ్యా, దీన్లో తినండి. రెండు గిన్నెలు మీకు, రెండు నాకు. ఆకలేస్తోంది."

జైపాల్ గిన్నె ఎత్తి అడుగు చూశాడు. "మా అమ్మ ఇలాంటిదాన్లోనే నాన్నకి అన్నం పంపేది. ఊడదు కదా అక్కా ఇది?"

"ఎస్టేటు ఊడింది గానీ ఇది ఊడలేదు."

ఆయన తినడం మొదలుపెట్టాడు. అప్పుడు మూడో బల్ల దగ్గర ఒకావిడ సంచి జిప్పు చప్పుడు వినిపించింది. ఐస్‌క్రీము డబ్బా ఒకటి మెల్లగా బల్ల కిందనుంచి పైకి వచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వెన్న డబ్బాలు, బిస్కెట్ల డబ్బాలు, ఒకావిడ దగ్గర మనవరాలి పాలపొడి డబ్బా. టౌనువాళ్ళ సంచుల్లోంచి వచ్చినవి మావాళ్ళవాటికంటే పెద్దవి. చానోది అందరికంటే పెద్దది, గాలను ఐస్‌క్రీము డబ్బా.

ఆమె దాన్లో మరిగే పప్పు పోయించుకోబోతే ధన్‌రాజీ తినడం ఆపి చూసింది. "అది చల్లటివాటికి చేసిన డబ్బా చానో. కాసేపు చల్లారనివ్వు. వాసనొస్తుంది."

"నాకు తెలుసులే అక్కా," అంది చానో. పప్పు పడి డబ్బా ముడుచుకోవడం మొదలయ్యాక గానీ కింద పెట్టలేదు.

ఏడు కూరలూ అందరికీ అందాయి. మూతల మీద పూరీలు పెట్టుకుని తిన్నారు. బిద్యావతి మాత్రం వీడియో తీసేవాడి చెయ్యి పట్టుకుని, "ఇక్కడొద్దు, మండపం తియ్యి, మండపం," అని అటూ ఇటూ తిప్పుతూనే ఉంది.

మిగిలిన నాలుగు వందల డబ్బాలు మిల్లు వెనక వానలో పడి ఉన్నాయి. మట్టి వాటిని ఇంకా కలుపుకోలేదు. ధన్‌రాజీ వెళ్ళి ఓ పది తెచ్చుకుంది. ఒక్కో అరలో కాస్త మిరప నారు పోసింది. ఆ పనికి ఐదు అరలు చాలు.

పది రోజుల తర్వాత జైపాల్ కారు ఆమె గేటు ముందు ఆగింది. ఆయన దిగాడు. తన కొడుకు పెళ్ళికి ఎనిమిది వందల ఆకులు చెప్పి వెళ్ళాడు. ఆ మాట తెలియగానే మా వీధిలో రెండు పెళ్ళిళ్ళవాళ్ళు కూడా ఏమీ జరగనట్టు వచ్చి ఆకులు చెప్పుకున్నారు. ఇద్దరూ గేటు దగ్గర, "కాలవ ఏదైనా పర్లేదులే, బాగా కడుగు పిన్నీ," అన్నారు. శ్మశానం కాలువను ధన్‌రాజీ ఒక్క రోజులో ఖాళీ చేసిందని చానో కొట్టు ముందు ఇప్పటికీ చెప్పుకుంటారు. బాలో కూడా ఆ బెంచీ మీదే కూర్చుని, అవునవును, నా కళ్ళతో చూశానంటాడు.

ఆ కాలువ తూము తలుపు నేను పుట్టకముందే విరిగింది. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం అందులోకి వస్తుంది. ఉప్పునీళ్ళలో తామర మొలవదు.