డాక్టరమ్మ చేపల తొట్టిలో వరినారు

నలభై ఏళ్లు వంగి నాట్లు వేసిన మనిషికి మోకాళ్లు మొండికేస్తే ఏం చేస్తుంది? హాలియాలోని అరుణమ్మ మాత్రం పళ్ల దవాఖానలో ఊడ్చే పనికి కుదిరింది. ఊడ్చేది పది నిమిషాలైతే, ముందుగదిలోని చేపల తొట్టి దగ్గర నిలబడేది అరగంట. నీటిమొక్కల మధ్య తిరిగే ఆ చిన్న చేపలకు మేత వేసే పని డాక్టర్ సుచరిత ఆమెకే అప్పగించింది. పిల్లల పెళ్లిళ్లప్పుడు కూడా అంత మురవలేదని ఇంట్లోవాళ్లు ఎగతాళి చేసేవారు. అబద్ధమేమీ కాదు.

నిరుడు వానకాలంలో చేపలు రోజుకొకటి చావడం మొదలుపెట్టాయి. అద్దాలకు నాచు పట్టింది. తొట్టి అమ్మిన శివకుమార్ వచ్చి, గాజుగొట్టంలో ఇన్ని నీళ్లు తీసి మందుచుక్కలు వేశాడు. నీళ్లు ఎర్రబడ్డాయి.

“నైట్రేట్ బాగ పెరిగింది మేడం. నీళ్లు మంచిగుంటే పసుపు రావాలె. పనామె మేత ఎక్కువేస్తాంది, అది కుళ్లి గిట్లయింది. వారం వారం సగం నీళ్లు మార్చుండ్రి” అన్నాడు.

ఇక తొట్టి ముట్టుకోవద్దని డాక్టరమ్మ అరుణమ్మకు మెల్లగా చెప్పింది. కోప్పడినా బాగుండేది. చిటికెడంటే చిటికెడే వేసిన చేతికి ఆ నింద భరించరానిదైంది. ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు.

మూడు వారాలు కాంపౌండర్ భిక్షపతే మేత వేశాడు, నీళ్లు మార్చాడు. శివకుమార్ ఇచ్చిపోయిన చుక్కలు వేసి చూసినా రంగు మారలేదు, చావులు ఆగలేదు. తొట్టి ఎవరికైనా ఇచ్చేస్తానంది డాక్టరమ్మ.

అరుణమ్మ ఉండబట్టలేక అడిగింది. “మేడం, గా నైట్రేటంటే ఏంది?”

“మొక్కలకు సత్తువ. పొలంల చల్లిన యూరియా గూడ చివరికి అదే అయితది.”

దవాఖాన వెనక బోరు. బోరు పక్క గోడ దాటితే వరిపొలాలు. ఆ పొలాల్లో ఎన్ని బస్తాల యూరియా పడుతుందో అరుణమ్మకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

“అయితే జర బోరు నీళ్లకు గూడ సుక్కలెయ్యుండ్రి.”

వేశారు. అవీ ఎర్రగానే మారాయి. వారం వారం తొట్టిలో పోసింది ఆ నీళ్లే. కంచే చేను మేసిందన్నమాట.

“సత్తువ ఎక్కువైతే తినేటోళ్లను పెట్టాలె గని, ఇల్లు కూలగొడ్తమా?” అంది అరుణమ్మ.

మర్నాడు మరిది నారుమడి నుంచి మందు కొట్టని నారు పిడికెడు తెచ్చింది. వేర్లకు మట్టి లేకుండా కడిగి, థర్మాకోల్ ముక్కకు బెజ్జాలు పొడిచి, వాటిలో నారు గుచ్చి, కిటికీ పక్కనున్న తొట్టిలో తేలేసింది. మార్చే నీళ్లు ఇక బోరువి వద్దని, శుద్ధి చేసిన క్యాన్ నీళ్లు పోయించింది.

“కోతమిషన్ ఎప్పుడొస్తది?” అని భిక్షపతి నవ్వాడు.

తెల్లటి వేర్లు తొట్టిలోకి జానెడు దిగాయి. రెండు వారాలకు ఎరుపు నారింజ అయింది. చేపలు చావడం ఆగింది. ముదిరిన నారు తీసి ఆమె కొత్తది పెట్టింది.

అయిదో వారం శివకుమార్ వచ్చాడు. తొట్టిలో వరి చూసి, వంగి వేర్లను పరిశీలించాడు. పరీక్షకు సీసా తీయబోతే డాక్టరమ్మ అందుకుని అరుణమ్మ చేతికిచ్చింది.

“ఇంక మేతా నువ్వే, పరీక్షా నువ్వే.”

అరుణమ్మకు అక్షరాలు రావు, రంగులొచ్చు. చుక్కలు లెక్కపెట్టి వేసింది, ఊపింది, చెప్పినంతసేపు ఆగింది. తర్వాత గొట్టాన్ని వెలుగుకెత్తి, పళ్లనొప్పితో దవడలు పట్టుకుని కూర్చున్న వాళ్లందరికీ వినబడేట్టు చెప్పింది.

“పసుపు.”