పొద్దున నొక్కిన అప్‌డేట్

డిగ్రీ పట్టా చేతికొచ్చిన కొత్తల్లో లోకంలో మనకు తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నేనూ అంతే. నర్మెట్ట నుంచి వచ్చి, మానుకోటలో అక్కా బావల ఇంట్లో ఉంటూ, బావ నడిపే ఆన్‌లైన్ సెంటర్లో పనిచేసేదాన్ని. కొన్ని దరఖాస్తుల సైట్లు పాత విండోస్‌లో తప్ప తెరుచుకునేవి కావు. అందుకని బావ కొత్త కంప్యూటర్ లోపలే ఒక సాఫ్ట్‌వేర్‌తో ఇంకో పాత కంప్యూటర్‌ను నడిపేవాడు (దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు, బావ మాత్రం 'లోపలి ముసలోడు' అనేవాడు). "ముసలోన్ని ముట్టకు పిల్లా, మంచిగనే నడుస్తుండు గద" అని రోజూ చెప్పేవాడు. ఒక పొద్దున ఆ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయమంటావా అని అడిగింది. చేయమన్నాను. చదువుకున్నదాన్ని కదా!

మధ్యాహ్నం గార్ల దగ్గరి తండా నుంచి ఒకాయన కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. బోరు మోటర్లు బాగుచేస్తాడు, అందరూ మోటరన్న అంటారు. ఆ అమ్మాయి నర్సింగ్ సీటు దరఖాస్తుకు ఆ సాయంత్రం ఐదే గడువు. ఆ సైటు కూడా ముసలోడిలో తప్ప తెరుచుకోదు. చూస్తే బయటి కంప్యూటర్లో ఇంటర్నెట్ పరుగెత్తుతోంది, లోపలి ముసలోడికి మాత్రం చుక్క కూడా అందడం లేదు. వైర్లు పీకి పెట్టాను, అన్నీ ఆపి మళ్లీ వేశాను, చివరికి "లైన్ల గడబిడ ఉన్నది బావా" అని కేబులాయన్ను పిలిపించి స్తంభం ఎక్కించాను (నడి ఎండలో, పాపం). బావ కింద నిలబడి ఆయన్ను కేకలేస్తున్నాడు. నాలుగు దాటింది. ఆ అమ్మాయి కళ్లనీళ్లతో తండ్రికి వాళ్ల భాషలో ఏదో చెప్పింది.

మోటరన్న నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "బిడ్డా, నిన్న నడిచిందా?"

"నడిచింది కాకా."

"మరి పొద్దుగాల ఏమన్న ఇప్పినవా? మేమైతే మోటర్ ఆగితే వైర్లు తర్వాత చూస్తం. ఆఖర్న ఎవరు ఇప్పిండ్రు, ఏం మార్చిండ్రు, గదే ముందుగాల అడుగుతం. కొత్త సామాన్ ఏసినంక నీళ్లు రాకుంటే పాతదే మళ్ల ఎక్కిస్తం. అండ్ల నామోషి ఏమున్నది?"

బావ ఇంకా బయటే ఉన్నాడని ఒకసారి తొంగిచూశాను. "అప్‌డేట్ జేసిన కాకా. బావకు చెప్పకుర్రి" అన్నాను. కొత్త వెర్షన్‌తో వచ్చిన నెట్‌వర్క్ డ్రైవర్ (ముసలోడికి నెట్ అందించే ప్రోగ్రాం) ఆ పాత విండోస్‌కు పడలేదన్నమాట. కొత్త వెర్షన్ తీసేసి పాతదే ఎక్కించాను. నెట్ వచ్చింది. ఐదుకు ఎనిమిది నిమిషాలుండగా దరఖాస్తు వెళ్లింది.

బావ చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చి "ఎట్లయింది?" అని ఆశ్చర్యపోయాడు.

"మీ మరదలు హుషారున్నదన్నా. తనే దొరకవట్టింది" అన్నాడు మోటరన్న, నావైపు చూడకుండా.

బావ మురిసిపోయాడు. ఆ మురిపెంతోనే కనిపించినవాళ్లందరికీ నా గురించి చెప్పాడు, భూపాలపల్లిలో ఇప్పుడు నేను చేస్తున్న ఈ నెట్‌వర్క్ ఉద్యోగం కూడా ఆ చెప్పడంవల్లే వచ్చింది. న్యాయంగా ఇది మోటరన్నకు రావాల్సిన ఉద్యోగం. ఆ పూట ఆయన కూతురి చేయి పట్టుకొని మెట్లు దిగుతుంటే లేచి వెళ్లి ఒక్క దండమైనా పెట్టి ఉంటే ఎంత బాగుండేది! తెలివైన మరదలికి బావ మిర్చి బజ్జీలు తెప్పించాడు. నేను తలవంచుకుని అవి తింటూ కూర్చున్నాను.