మాస్టారి రెండు వరసలు

ఉమామహేశ్వరం మాస్టారికి జీవకణం చుట్టూ ఉండే పొర అంటే పిచ్చి. సైన్సు చెప్పి ఆయన రిటైరయ్యారు గానీ పాఠం కాలేదు. యానాం బజారులో మీరు పులస బేరమాడుతున్నా సరే, భుజమ్మీద చెయ్యేసి మొదలెడతారు: “చూడు బాబూ, ఆ పొరలో ఒక్కో అణువుకీ తలకాయకి నీళ్ళంటే ప్రాణం, తోకలకి నీళ్ళంటే భయం. అందుకని తలలు రెండువైపులా బయటికి, తోకలు మధ్యలోకి. ఎవరూ అతికించక్కర్లేదు, నీళ్ళే అలా నిలబెడతాయి!” ఈలోగా పులస ఇంకొకరి సంచిలో పడుతుంది.

దేశం తిరిగితే పావురాల పిచ్చివాళ్ళు, గడియారాల పిచ్చివాళ్ళు ఎందరో తగులుతారు. కంటికి కనపడని పొర మీద ఇంత ప్రేమ మాత్రం యానాంలోనే.

ఆయన శిష్యుడు, ఇప్పుడు పడవ నడిపే దుర్గాప్రసాద్, పరీక్షలో ఆ బొమ్మ తిరగేసి తోకలు బయటికి గీశాడు. సున్నా వచ్చింది. ఇప్పటికీ రేవులో కనపడితే, “తోకలెక్కడరా?”

“లోపలండి, ఆయ్!”

మొన్న వరదలో యానాం పక్కనే ఉన్న దరియాలతిప్ప సందుల్లో నీళ్ళు మోకాళ్ళు దాటాయి. సందులో పడవ తిరగదు. సాయంత్రం సముద్రప్పోటు తోడైతే నడిచీ దాటలేరు. అందరూ బడి మేడ మీదికి బయల్దేరారు, ఆరోగ్యమ్మ తప్ప.

“నేన్రాను. కోళ్ళనెవరు చూస్తారు?”

“కోళ్ళు పొద్దున్నే మేడెక్కేశాయి మామ్మా! భయం నీకే,” అన్నాడు దుర్గాప్రసాద్.

“నాకా? చేపలమ్మి బతికినదాన్ని, నాకు నీళ్ళంటే భయవా?” అంది గానీ అరుగు మీద స్తంభం వదల్లేదు.

మాస్టారు పంచె ఎగ్గట్టి వచ్చారు. “రెండు వరసలు కట్టండి! ఈతొచ్చినవాళ్ళు అటూ ఇటూ, భయపడేవాళ్ళు మధ్యలో.”

“ఇప్పుడూ పాఠవేనాండి?”

“ఇప్పుడే పాఠం! తోకలెక్కడరా?”

“లోపలండి.”

“అయితే నేనూ తోకనే. నాకు గోదారంటే చచ్చేంత భయం.”

సందంతా గొల్లున నవ్వింది. దుర్గాప్రసాద్ నోరు తెరిచాడు. మాస్టారు కళ్ళురిమారు. మూసేశాడు.

“మధ్యలో ఒక్కణ్ణే ఉండలేను ఆరోగ్యమ్మా. చెయ్యి పట్టుకుంటావా?”

ఆవిడ స్తంభం వదిలింది. “ఇంత చదూకుని ఇదేం పిరికితనవండి! పట్టుకోండి.”

దారిపొడుగునా “అదుగో గుంట, కాలు చూసి!” అని ఆవిడే ఆయనకి ధైర్యం చెప్పింది. నీళ్ళు నడుం తాకినా వరస చెదరలేదు. బడి మెట్లెక్కగానే, మాస్టార్ని తనే గట్టెక్కించానని అందరికీ చాటింది.

దుర్గాప్రసాద్ ఆయన చెవిలో గొణిగాడు. “చిన్నప్పుడు నేను రేవులో మునిగిపోతంటే, దూకి జుట్టట్టుకు లాగింది మీరే కదండీ! మీరు తోకేంటండి?”

“ష్! నీ సున్నా కొట్టేస్తాను, నోరు మూసుకో.”

వరద తీసింది. ఇప్పటికీ బజారులో దోసెడు నీళ్ళ గుంట ఎదురైతే చాలు, మాస్టారు టక్కున ఆగిపోయి బిక్కమొహం పెడతారు. ఆరోగ్యమ్మ చేపలబుట్ట దింపి పరుగున వస్తుంది.

“కదలకండి మాస్టారండీ, నేనొస్తన్నాను!”